పికడిల్లీ తాళమూ దాని వారసులూ

తాళంచెవి లేకుండా, తాళాన్ని పగలగొట్టకుండా, దాని లోపలి భాగాలను సన్నని ఉక్కు పనిముట్లతో ఒక్కొక్కటిగా కదిలించి తెరిచే విద్యకు రెండు చరిత్రలున్నాయి. మొదటిది దొంగల చరిత్ర. అది పోలీసు రికార్డుల్లో, కోర్టు తీర్పుల్లో చెదురుమదురుగా మిగిలింది. రెండవది పట్టపగలు, సాక్షుల ఎదుట, తాళం సొంతదారు అనుమతితో, కొన్నిసార్లు అతని సవాలుకు జవాబుగానే ఈ పని చేసినవారి చరిత్ర. నేడు ఐరోపా, అమెరికా నగరాల్లో సంఘాలుగా ఏర్పడి బల్ల చుట్టూ కూర్చుని తాళాలు తెరిచే అభిరుచిపరులూ, వారు వాడే పనిముట్ల సంచులూ, కొత్తగా నేర్చుకునేవారి కోసం తయారయ్యే పారదర్శక సాధన తాళాలూ ఈ రెండవ చరిత్రకు చెందినవి. దాని మూలాలు పద్దెనిమిదవ శతాబ్దం చివరి లండన్‌లో ఉన్నాయి. దానికి నాంది పలికినవారు తాళాలు చేసి అమ్ముకునే వ్యాపారులే.

అప్పటివరకు ఐరోపాలో వాడుకలో ఉన్న తాళాల్లో అధికభాగం అడ్డురేకుల తాళాలు. తాళం పెట్టె లోపల, చెవి తిరిగే దారిలో, రకరకాల వంపులున్న ఇనుప రేకులను అడ్డంగా నిలిపేవారు; ఆ రేకులకు సరిపోయే గాట్లున్న చెవి మాత్రమే వాటి మధ్య నుంచి తిరిగి గడియను లాగగలిగేది. ఈ ఏర్పాటులోని లోపం పనివారందరికీ తెలుసు. చెవి మీది గాట్ల భాగాన్నంతా అరగదీసి, గడియను తాకే కొసను మాత్రం మిగిల్చితే, ఆ బక్కచెవి ఏ రేకునూ తగలకుండా తిరుగుతుంది, కనుక అటువంటి మారుతాళం ఒక్కటి ఎన్నో తాళాలకు సరిపోతుంది. రేకులను ఎంత వంకరగా మలిచినా, పెట్టె మీద ఎంత నగిషీ చెక్కినా పెరిగింది ఖరీదే గాని భద్రత కాదు. 1778లో రాబర్ట్ బారన్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన తాళం ఈ స్థితిని మార్చింది. అతను గడియను కదలనీయకుండా పట్టి ఉంచే లివర్లను, అంటే ఒక కొస ఇరుసుకు బిగిసి ఉండి రెండవ కొస పైకి లేచే చిన్న లోహపు పలకలను అమర్చి, వాటిని తగినంత ఎత్తుకు లేపకపోయినా, అంతకు మించి లేపినా గడియ కదలని విధంగా తీర్చిదిద్దాడు. ప్రతి లివరుకూ సరైన ఎత్తు ఒక్కటే ఉంటుందనే ఈ సూత్రం మీదనే ఆ తరువాత వచ్చిన మేలైన తాళాల్లో అధికభాగమూ, వాటిని చెవి లేకుండా తెరిచే పద్ధతులూ నిలిచి ఉన్నాయి.

యార్క్‌షైర్ రైతు కుటుంబంలో పుట్టి, వడ్రంగం నేర్చి, లండన్ చేరిన జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళం ఇదే సూత్రాన్ని వేరొక రూపంలో వాడుకుంది. అందులో గుండ్రని ఇరుసు చుట్టూ నిలువు గాడుల్లో పైకీ కిందికీ జారే సన్నని ఉక్కు పట్టీలుంటాయి; ఒక్కో పట్టీకి ఒక్కో ఎత్తున ఒక గాటు ఉంటుంది. చెవి చిన్న గొట్టంలా ఉండి, దాని కొసన వేర్వేరు లోతుల్లో చీలికలు కోసి ఉంటాయి. దాన్ని లోపలికి నొక్కినప్పుడు పట్టీలన్నీ తమ తమ కొలతల మేరకు దిగి, గాట్లన్నీ ఒకే వరసకు వస్తే తప్ప ఇరుసు తిరగదు. ఇటువంటి తాళానికి అవసరమైన కచ్చితత్వం చేతి ఆకురాయి పనికి అందేది కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో బ్రామా కర్మాగారంలో చేరిన హెన్రీ మాడ్‌స్లీ, ఈ తాళం భాగాలను ఒకే కొలతలో వరసగా తయారుచేసే యంత్రాలను రూపొందించాడు. తరువాతి కాలంలో బ్రిటిష్ యంత్ర పరిశ్రమకు ఆద్యుల్లో ఒకడుగా పేరొందిన ఆ మనిషి చెయ్యి తిరిగింది తాళాల మీదనే.

1790 నుంచి పికడిల్లీ వీధిలోని తన కొట్టు కిటికీలో బ్రామా ఒక తాళంకప్పను ప్రదర్శనకు పెట్టి, దీన్ని తెరవగల పనిముట్టును తయారుచేసినవారికి అక్కడికక్కడే 200 గినీలు, అంటే 210 పౌన్లు, చెల్లిస్తానని దాని మీదనే బంగారు అక్షరాలతో రాయించాడు. మాడ్‌స్లీ చేతి పనితనంగా చెప్పుకునే ఆ కప్పలో 18 పట్టీలున్నాయి. వాటి అమరికలు 47 కోట్లకు పైగా వస్తాయని లెక్కగట్టారు. 1814లో బ్రామా మరణించిన తరువాత కూడా అతని వారసులు ఆ కప్పను కిటికీలోనే ఉంచారు. ప్రకటన కోసం పెట్టిన వస్తువే అయినా, అది తాళాల వ్యాపారంలో ఒక కొత్త నీతిని ప్రవేశపెట్టింది. అంతకు ముందు తాళం గొప్పదనాన్ని దాన్ని చేసినవాడు చెబితే కొనేవాడు నమ్మవలసి ఉండేది. ఇప్పుడు ఎవరైనా వచ్చి పరీక్షించవచ్చునని బాహాటంగా ప్రకటించినట్టయింది. చరిత్రలో మొట్టమొదటి బహిరంగ సాధన తాళం అనే పేరు ఏ తాళానికైనా తగితే, అది ఈ కప్పకే తగుతుంది.

అదే వరసలో మరొక సవాలు పోర్ట్స్‌మత్ నౌకాశ్రయం నుంచి వచ్చింది. 1817లో అక్కడి నౌకానిర్మాణ కేంద్రంలో మారుతాళాలతో దొంగతనం జరగడంతో, సొంత చెవితో తప్ప తెరుచుకోని తాళానికి బ్రిటిష్ ప్రభుత్వం 100 పౌన్ల బహుమతి ప్రకటించింది. దాన్ని గెలుచుకున్న జెరెమియా చబ్ 1818లో పేటెంటు పొందిన తాళం బారన్ లివర్లకు ఒక పట్టుస్ప్రింగును జతచేసింది. తాళం తెలియనివాడు లోపల కెలికేటప్పుడు ఏదో ఒక లివరును కావలసినదానికంటే ఎత్తుకు లేపక మానడు. అలా లేపిన వెంటనే ఆ స్ప్రింగు లివరును పట్టేస్తుంది, ఆపైన అసలు చెవి పెట్టినా తాళం తిరగదు. సొంతదారు వచ్చి చెవి తిప్పబోయినప్పుడు తన తాళం మీద ఎవరో చెయ్యి వేశారని తెలుసుకుంటాడు, కాబట్టి దీనికి ఆనవాలు పట్టే తాళమని పేరు వచ్చింది. పోర్ట్స్‌మత్ రేవులో లంగరు వేసి ఉన్న జైలు ఓడలో, పూర్వాశ్రమంలో తాళాలు చేసే పనివాడైన ఒక ఖైదీ ఎటువంటి తాళాన్నైనా తెరవగలనని చెప్పుకోగా, అతను దీన్ని తెరిస్తే ప్రభుత్వం క్షమాభిక్షా, చబ్ 100 పౌన్లూ ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. విడి తాళాలూ పనిముట్లూ కావలసినంత వ్యవధీ ఇచ్చినా, రెండు మూడు నెలల తరువాత అతను తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. స్వేచ్ఛ కోసం కష్టపడిన మనిషే ఓడిపోయాడంటే ఇక ఆ తాళానికి తిరుగు లేదని ఇంగ్లండు నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

ఆ నమ్మకం 1851 వేసవిలో కూలిపోయింది. ఆ ఏడాది మే 1న లండన్ హైడ్ పార్కులో, అద్దాల భవనంలో మొదలైన మహా ప్రదర్శనకు న్యూయార్కులోని డే అండ్ న్యూయెల్ కంపెనీ తమ బ్యాంకు తాళాన్ని ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ చేతికిచ్చి పంపింది. 1812లో బోస్టన్‌లో పుట్టిన హాబ్స్ తాళాలు అమ్మడానికి ఎంచుకున్న పద్ధతి ముక్కుసూటిది: బ్యాంకు అధికారుల కళ్లెదుటే వారి పాత తాళాన్ని తెరిచి చూపించి, ఆ తరువాత తన తాళం గురించి చెప్పేవాడు. జూలై 22న వెస్ట్‌మినిస్టర్‌లోని గ్రేట్ జార్జ్ వీధిలో ఒక ఇంటి ఖజానా గది తలుపుకున్న చబ్ తాళాన్ని అతను సాక్షుల సమక్షంలో 25 నిమిషాల్లో తెరిచి, ఏ భాగమూ చెడకుండా మరో 7 నిమిషాల్లో తిరిగి మూశాడు.

అతను చేసిన పనిని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే నేటి అభిరుచిపరుల విద్య మొత్తం అందులో ఇమిడి ఉంది. లివర్ తాళంలో గడియ మీద ఒక మొలక ఉంటుంది. లివర్లన్నీ సరైన ఎత్తుకు వస్తేనే వాటిలోని గాట్లు వరసగా నిలిచి ఆ మొలకకు దారి ఇస్తాయి. గడియను తెరుచుకునే వైపుకు కొద్దిగా నెట్టి ఉంచితే మొలక లివర్ల అంచులకు ఒత్తుకుంటుంది. లివర్లన్నీ ఒకే కొలతలో ఉంటే ఒత్తిడి అన్నిటి మీదా సమానంగా పడాలి, కానీ మనిషి చేసిన ఏ రెండు పలకలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండవు, కాబట్టి వాటిలో ఒకటి మాత్రమే ముందుగా బిగుసుకుంటుంది. సన్నని తీగెతో లివర్లను ఒక్కొక్కటిగా తాకి చూస్తే, తక్కినవి స్ప్రింగు మీద తేలికగా ఆడుతుండగా ఆ ఒక్కటి గట్టిగా తగులుతుంది. దాన్ని మెల్లగా లేపుతూ పోతే సరైన ఎత్తు దగ్గర మొలక గాటులోకి రవ్వంత జారి, బిగువు మరో లివరు మీదికి మారుతుంది. ఇలా వరసగా అన్నిటినీ నిలబెట్టడానికి చెవిలోని రహస్యం తెలియనక్కరలేదు. తాళమే తన రహస్యాన్ని ఒక్కో అక్షరంగా చెబుతుంది. చబ్ పట్టుస్ప్రింగు కూడా, కాపలా కోసం పెట్టినదే అయినా, లివరు ఎక్కువ ఎత్తుకు లేచిందన్న సంగతిని తెరిచేవాడికి కూడా చేరవేసింది. గడియ మీద ఒత్తిడిని నిలకడగా ఉంచడానికి చెయ్యి అలిసిపోతుంది కనుక హాబ్స్ పనిముట్టుకు చిన్న బరువును వేలాడదీశాడు. ఒత్తిడి పెట్టేది ఒకటి, తడిమి లేపేది మరొకటి అనే ఈ జంట పనిముట్ల ఏర్పాటు నేటికీ మారలేదు.

రెండు రోజుల తరువాత, జూలై 24న, హాబ్స్ బ్రామా కొట్టు మేడ మీద గదిలో ఆ అరవై ఏళ్ల నాటి కప్ప ముందు కూర్చున్నాడు. ఒప్పందం ప్రకారం అతనికి 30 రోజుల గడువు ఇచ్చి, ఇంజనీరు జార్జ్ రెన్నీతో సహా ముగ్గురు మధ్యవర్తులను నియమించారు. కప్పను చెక్కల మధ్య బిగించి, చెవి దూరే రంధ్రం మాత్రమే అతనికి అందేట్టు ముద్రలు వేశారు. పని చబ్ తాళమంత సులభంగా సాగలేదు. పట్టీలన్నిటినీ వెనక్కి నెట్టే బలమైన స్ప్రింగు వేలి స్పర్శను మింగేస్తుంది కాబట్టి ముందుగా దాన్ని అణిచి ఉంచే చట్రాన్ని బిగించుకోవాలి. ఇరుసు మీద ఒత్తిడి రోజుల తరబడి సడలకుండా ఉండటానికి బరువు కట్టిన మీట అమర్చుకోవాలి. ఆ తరువాత 18 పట్టీలలో ప్రతిదాన్నీ సన్నని ఉక్కు ముల్లుతో దించి, ఎంత దిగిందో కొలిచి రాసుకోవాలి. పైగా 1817లో బ్రామా సంస్థలోని రస్సెల్ అనే పనివాడు పట్టీల మీద అసలు గాటుతో పాటు లోతు తక్కువైన బూటకపు గాట్లు కూడా కోసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. పట్టీ బూటకపు గాటులో చిక్కుకున్నప్పుడు సరైన ఎత్తుకు వచ్చినట్టే తోస్తుంది గాని ఇరుసు తిరగదు. అసలు గాటుకూ బూటకపు గాటుకూ ఇరుసు కదలికలో ఉండే అతి చిన్న తేడాను పట్టుకోవడమే హాబ్స్ నైపుణ్యం. ఆగస్టు 23న కప్ప తెరుచుకుంది. 16 రోజుల్లో పంచుకుని అతను పనిచేసిన సమయం మొత్తం 51 గంటలు.

ఇన్ని గంటలూ, బిగించిన చట్రమూ, విడతలవారీ పనీ ఏ దొంగకూ సాధ్యం కావని, కాబట్టి ఇది న్యాయమైన పరీక్ష కాదని బ్రామా సంస్థ వాదించింది; మధ్యవర్తులు మాత్రం హాబ్స్ షరతులకు లోబడే గెలిచాడని తేల్చి 200 గినీలు ఇప్పించారు. సంస్థ వాదనలో నిజం లేకపోలేదు: 51 గంటలు నిశ్చింతగా కూర్చోగలిగిన దొంగ ఎక్కడా ఉండడు. అయితే కొట్టు కిటికీలోని సవాలు వ్యవధి గురించి ఏమీ చెప్పలేదు, తెరవడం అసాధ్యమన్న భావననే ఆరు దశాబ్దాలుగా అమ్ముకుంది. లండన్ పత్రికల్లో నెలల తరబడి సాగిన వాదప్రతివాదాల్లో, ఇటువంటి విషయాలను బయటపెట్టడం దొంగలకు పాఠాలు చెప్పడమేనని నిందించినవారూ ఉన్నారు. దానికి సమాధానం 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వంలో, హాబ్స్ సమకూర్చిన సమాచారంతో వెలువడిన తాళాల నిర్మాణ గ్రంథంలో వచ్చింది. దొంగలకు తమ వృత్తి విషయాలు ఇతరులు నేర్పవలసిన అవసరం లేదని, లోపం తెలియక నష్టపోయేది తాళాన్ని నమ్ముకున్న నిజాయితీపరుడేనని, కాబట్టి దాచడం వల్ల మేలు జరగదని ఆ గ్రంథం వాదించింది. కంప్యూటర్ భద్రత గురించి నేడు చర్చించేవారు ఆ పుటలను ఇప్పటికీ ఉదహరిస్తారు. తాళాల విషయంలో ఇంత స్పష్టంగా రాసిన మాట అంతకు ముందు లేదు.

హాబ్స్ లండన్‌లోనే తాళాల కంపెనీ స్థాపించి, 1860లో అమెరికా తిరిగి వెళ్లి, 1891లో మరణించాడు. అతను వెంట తెచ్చిన డే అండ్ న్యూయెల్ తాళానికీ అదే గతి పట్టింది: 1850లలోనే దాన్ని లైనస్ యేల్ జూనియర్ అనే మరో అమెరికన్ తెరిచి చూపాడు. తండ్రి 1840లలో మొదలుపెట్టిన పనిని కొనసాగిస్తూ, ప్రాచీన ఈజిప్టు చెక్క గడియల్లో కనిపించే మేకుల సూత్రాన్ని చిన్న లోహపు సిలిండర్లోకి కుదించి, 1861లోనూ 1865లోనూ పేటెంట్లు పొందినవాడు ఈ యేల్. నేడు ప్రపంచమంతటా తలుపులకు కనిపించే, పలుచని రంపపు పళ్ల చెవి ఉన్న సిలిండర్ తాళం అతనిదే. అందులో తిరిగే లోపలి ఇరుసులోనూ, దాన్ని చుట్టుకున్న కదలని పెట్టెలోనూ ఎదురెదురుగా రంధ్రాలుండి, ఒక్కో జత రంధ్రంలో కింది పిన్ను, పై పిన్ను, వాటిని కిందికి నెట్టే స్ప్రింగు ఉంటాయి. పై పిన్నులు సగం ఇరుసులోకి దిగి ఉన్నంతసేపు అది తిరగదు. చెవి పళ్లు పిన్నులను లేపి, రెండు పిన్నుల అతుకు సరిగ్గా ఇరుసు అంచుకు వచ్చినప్పుడు తిరుగుతుంది.

ఈ తాళం ఎంతో చౌకగా, ఎంతో చిన్నదిగా తయారుకావడం వల్లనే తాళాలు తెరిచే విద్య సామాన్యుల చేతికి వచ్చింది. దానికి కావలసిన పనిముట్లు రెండే. ఒకటి, ఎల్ ఆకారంలో వంచిన ఉక్కు పట్టీ. దీన్ని టెన్షన్ రెంచ్ అంటారు, చెవి రంధ్రంలో ఒక అంచున పెట్టి ఇరుసును తిరిగే వైపుకు అతి తేలికగా ఒత్తడానికి వాడతారు. రెండవది పిక్, కొస కొద్దిగా పైకి వంగిన సన్నని ఉక్కు పుల్ల. దానితో పిన్నులను ఒక్కొక్కటిగా లేపుతారు. కొస అలల్లా ఉండే మరో రకాన్ని రేక్ అంటారు, దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ అన్ని పిన్నులనూ ఒకేసారి కదిలిస్తారు; దానితో తాళం తొందరగా తెరుచుకోవచ్చు గాని ఎలా తెరుచుకుందో తెలియదు, అందుకే నేర్పేవారు దాన్ని మొదటి పాఠంగా ఇవ్వరు. కొత్తవారు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: రెంచ్ మీద ఎక్కువ బలం వేయడం. బలం ఎక్కువైతే పిన్నులన్నీ ఒక్కసారిగా బిగుసుకుని ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోతుంది. బియ్యంలో మట్టిగడ్డను ఏరే వేలికి ఎంత ఒత్తిడి చాలునో ఇక్కడా అంతే చాలు. పిన్ను సరైన ఎత్తుకు చేరినప్పుడు రెంచ్ పట్టుకున్న వేలికి అందే చిన్న టిక్కు, హాబ్స్ మొలక గాటులోకి జారినప్పటి కదలికే.

ఈ విద్యను సరదా కోసం చేపట్టినవారు ఎప్పటినుంచో ఉన్నారు. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ వెర్సాయ్ సౌధంలో సొంత కొలిమి పెట్టుకుని, ఫ్రాన్స్వా గామెయిన్ అనే పనివాని దగ్గర తాళాల పని నేర్చుకున్నాడు. 1792లో రాజు తన రహస్య పత్రాలు దాచిన గోడలోని ఇనుప అరను విప్లవ ప్రభుత్వానికి పట్టించింది ఆ గురువే. 1904 మార్చిలో ఇంద్రజాలికుడు హుడీనీ లండన్ హిప్పోడ్రోమ్ వేదిక మీద, బర్మింగ్‌హామ్ పనివాడు అయిదేళ్లు శ్రమించి చేశాడని చెప్పిన సంకెళ్లను ఒక గంటా పది నిమిషాల్లో విడిపించుకున్నాడు. అయినా ఈ చరిత్రలో హుడీనీకి పెద్ద చోటు లేదు, ఎందుకంటే అతని జీవనోపాధి రహస్యాన్ని దాచడం మీద ఆధారపడింది. దానికి భిన్నంగా, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, రహస్య పత్రాలుంచే బీరువాల అంకెల తాళాలను శోధించి, అర తెరిచి ఉన్నప్పుడు చివరి అంకెలను కనిపెట్టవచ్చునని గ్రహించి, ఆ సంగతి అధికారులకు స్వయంగా చెప్పాడు. ఓక్ రిడ్జ్ అణు కేంద్రంలోని ఒక కల్నల్ దానికి స్పందించిన తీరును అతను తన జ్ఞాపకాల్లో రాశాడు: అరలు మూసి ఉంచండని ఆదేశించడానికి బదులు, ఫైన్‌మన్ మీ గదిలోకి వచ్చి ఉంటే తాళం అంకెలు మార్చుకోండని సిబ్బందికి చీటీ పంపాడట. హాబ్స్‌ను నిందించిన లండన్ వారి ధోరణి వందేళ్ల తరువాత కూడా చెక్కుచెదరలేదు.

అభిరుచిగా ఈ విద్య స్థిరపడటంలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులది ముఖ్యమైన పాత్ర. అక్కడి తొలితరం కంప్యూటర్ ఔత్సాహికులు మూసిన తలుపును తమ జిజ్ఞాసకు అడ్డంకిగా భావించి తాళాల పని నేర్చుకున్నారు. 1991లో టెడ్ ద టూల్ అనే మారుపేరుతో అక్కడినుంచి వెలువడిన చిన్న మార్గదర్శిని ప్రతి పిన్నుపైనా పనిచేసే బలాలను బొమ్మలతో వివరించి, సాధనకు అభ్యాసాలు ఇచ్చి, వీధులూడ్చే యంత్రాల బ్రష్షు నుంచి రాలిపడే ఉక్కు పుల్లలతో టెన్షన్ రెంచ్ చేసుకోవచ్చునని కూడా చెప్పింది. అంతవరకూ ఎక్కువగా పనివారి మధ్య నోటిమాటగా సాగిన విద్య దానితో ఎవరైనా చదివి నేర్చుకోదగిన శాస్త్రమైంది. 1997లో జర్మనీలోని హాంబర్గ్‌లో స్టెఫెన్ వెర్నేరి చొరవతో తాళాలు తెరవడాన్ని క్రీడగా చూసే సంఘం ఏర్పడి, గడియారం పెట్టి పోటీలు నడిపింది. ఆ వెనుక నెదర్లాండ్స్‌లో టూల్ అనే పొట్టి పేరుతో మరో సంఘం వచ్చి అమెరికాకూ విస్తరించింది. ఈ సంఘాలన్నీ పాటించే నియమాలు రెండు: సొంత తాళాన్ని గాని, సొంతదారు ఒప్పుకున్న తాళాన్ని గాని మాత్రమే తెరవాలి, రోజూ వాడకంలో ఉన్న తాళం మీద సాధన చేయకూడదు. రెండవ నియమం వెనుక నైతికత కంటే అనుభవం ఎక్కువ, ఎందుకంటే పిక్ జారి స్ప్రింగు దెబ్బతింటే ఇంటివారు వీధిలో నిలబడవలసి వస్తుంది. 2005లో డచ్చి సంఘానికి చెందిన బారీ వెల్స్, రోప్ గోంగ్రైప్‌తో కలిసి, ప్రత్యేకంగా కోసిన చెవిని తట్టి సిలిండర్ తాళాలను తెరిచే పద్ధతి గురించి బహిరంగ పత్రం ప్రచురించినప్పుడు, టామ్లిన్‌సన్ గ్రంథం లేవనెత్తిన వాదమే మళ్లీ మొదలైంది.

సాధన తాళాలు ఈ సంఘాల బల్లల మీద పెరిగాయి. అందరికీ తెలిసినది పారదర్శక ప్లాస్టిక్ తాళం. దాని గోడల గుండా పిన్నులు లేవడం, అతుకు అంచుకు రావడం కంటికి కనిపిస్తుంది కాబట్టి సూత్రం ఒక పూటలో అర్థమవుతుంది. కానీ ప్లాస్టిక్ మెత్తదనం వల్ల బిగువు తేడా వేలికి సరిగా అందదు, పైగా నేర్చుకునేవాడు వేలిని నమ్మడం మాని కంటిని నమ్మడానికి అలవాటు పడతాడు. అందుకే అనుభవజ్ఞులు దానికంటే పక్క గోడను కోసి కిటికీ తీసిన ఇత్తడి సిలిండరును ఇష్టపడతారు. తాళాల వ్యాపారులు కొనేవారికి చూపడానికి చేయించుకునే నమూనాల కోవలోది అది. ఇంకా మేలైనది పిన్నులు తీసి పెట్టుకోగల సిలిండర్: ముందు ఒకే పిన్నుతో, తరువాత రెండింటితో, అలా అయిదారు దాకా పెంచుకుంటూ పోతే చెయ్యి క్రమంగా తిరుగుతుంది. నిజమైన తాళాల్లో కొత్తవారికి ముందుగా ఇచ్చేది మాస్టర్ లాక్ 3వ నంబరు కప్ప. 1921లో మిల్వాకీ నగరంలో ఈ కంపెనీని స్థాపించిన హ్యారీ సోరెఫ్, ఉక్కు రేకులను పొరలుగా పేర్చి రివెట్లతో బిగించిన కప్పకు 1924లో పేటెంటు పొందాడు. మద్యనిషేధ కాలంలో, 1928లో, మూయించిన సారాకొట్లకు వేయడానికి ఇటువంటి కప్పలు 1,47,600 న్యూయార్కుకు పంపినట్టు ఆ కంపెనీ చరిత్ర చెబుతుంది. సుత్తి దెబ్బలకు గట్టిగా నిలిచే ఈ కప్పలో పిన్నులు నాలుగే, వాటి రంధ్రాల కొలతలు కూడా వదులుగా ఉంటాయి, కాబట్టి ఓపిక ఉన్న కొత్తవాడికి మొదటి రోజే లొంగుతుంది.

ఆ మెట్టు దాటినవారికి ఎదురయ్యేది రస్సెల్ 1817లో వేసిన చిక్కే. మంచి సిలిండర్లలో పై పిన్నులను నిటారుగా కాక, నడుము సన్నగా దారపుండ పుల్లలా, లేదా తల వెడల్పుగా పుట్టగొడుగులా మలుస్తారు. ఒత్తిడి కింద లేపినప్పుడు ఆ నడుము అంచుకు తట్టుకుని, ఇరుసు కొద్దిగా తిరిగి ఆగిపోతుంది. తెరుచుకుందనే భ్రమ కలిగించే ఈ స్థితి బ్రామా పట్టీల మీది బూటకపు గాటుకు నేటి రూపం. దీన్ని దాటడానికి ఆ పిన్నును పైకి నొక్కుతూ, ఇరుసు వెనక్కి తిరగజూసినప్పుడు రెంచ్ మీది ఒత్తిడిని దానికి దారి ఇచ్చేంత మేరకే సడలించాలి. రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినవలసిన ఈ ఘట్టం దగ్గరే చాలామంది సాధన ఆపేస్తారు. ఆపనివారికి మాత్రం తాళాల తయారీలోని మెలకువలు ఇక్కడినుంచే అర్థం కావడం మొదలవుతుంది.

చట్టాలు ఈ పనిముట్లను ఒకే కంటితో చూడలేదు. బ్రిటన్‌లో 1968 నాటి దొంగతనాల చట్టం 25వ సెక్షన్ ఇంటి బయట దొంగతనానికి సన్నద్ధంగా వాటిని వెంట ఉంచుకోవడాన్ని నేరంగా పరిగణించి ఉద్దేశానికి ప్రాధాన్యమిచ్చింది; జపాను 2003లో చేసిన చట్టం తగిన కారణం లేకుండా వాటిని కలిగి ఉండటాన్నే నిషేధించింది. భారతదేశంలో 2024 వరకు అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 445వ సెక్షన్ ఇంటికి కన్నం వేయడాన్ని నిర్వచిస్తూ, నేరబుద్ధితో ఇంట్లో చొరబడటానికి తాళం తెరవడాన్ని ఆరు మార్గాల్లో నాలుగవదిగా పేర్కొంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ మాత్రం గోడకు రంధ్రం చేయడం. మట్టి ఇటుకల గోడలున్న దేశానికి అది సహజమే. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుని ఇంట చొరబడేటప్పుడు అతని విద్యంతా గోడకు ఏ ఆకారంలో కన్నం తవ్వాలన్న విచారంలోనూ, జందెంతో కొలతలు తీసుకోవడంలోనూ కనబడుతుంది. తాళం గోడకంటే గట్టిదైన చోట దొంగ గోడనే ఎంచుకుంటాడు గనుక, చెవి లేకుండా తాళం తెరిచే విద్య ఈ నేల మీద ఐరోపాలో వలె గ్రంథాలకూ పందేలకూ ఎక్కలేదు.

తెలుగువారి ఇళ్లకు చేరిన తాళాల్లో ఎక్కువ భాగం బారన్, చబ్‌ల సంతతికే చెందినవి. అలీగఢ్ తాళాలు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్ తాళాలు, 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ ప్రారంభించిన కర్మాగారం నుంచి వచ్చిన కప్పలు తరతరాలుగా లివర్ల మీదనే ఆధారపడ్డాయి. ఆరు లివర్లు, ఏడు లివర్లు అని కప్ప మీదనే అచ్చు వేసి అమ్మడం, కొనేవారు ఆ అంకె చూసి ఎంచుకోవడం నేటికీ ఉన్న ఆనవాయితీ. యేల్ సిలిండర్ కోసం రూపొందిన పిక్కుల సంచి ఈ కప్పల మీద పెద్దగా పనిచేయదు. ఇక్కడ ఒత్తిడి ఇరుసు మీద కాక గడియ మీద పడాలి. దాన్ని మోసే పనిముట్టు లోతుగా దూరి, మందంగా, వంగని ఉక్కుతో ఉండాలి. లివర్లను లేపే తీగె దాని పక్కనుంచే వెళ్లాలి. అంటే హాబ్స్ గ్రేట్ జార్జ్ వీధిలో వాడిన జంట పనిముట్ల వంటివే కావాలి. సాధన తాళాలు చేసేవారు దృష్టి అంతా సిలిండర్ల మీదే పెట్టడంతో పారదర్శక లివర్ తాళాలు తక్కువ. ఈ దేశంలో లివర్ల పని నేర్వదలచినవారు పాత కప్పను ఒకదాన్ని రివెట్లు తీసి విప్పి, లివర్లను ఒకటి రెండుకు తగ్గించి, ఒక పక్క రేకు తీసేసి, తమ సాధన తాళాన్ని తామే తయారుచేసుకోవలసి ఉంటుంది.